ముల్లు ఆగేదాకా

బిల్లుబుక్కు వెనకపేజీలో నిలువుగీత గీసి
ఎడమవైపు గుణుపురం అని రాశాను,
కుడివైపు విశాఖపట్నం.
పేరే పొడుగు, గడి చాల్లేదు.

ఇక్కడ అద్దె రెండువేల ఎనిమిదొందలు.
కరెంటు విడిగా. బావి ఉంది.
పాణిగ్రాహి గారు ఒకటో తారీకున అడగడు,
తొమ్మిదో తారీకున వాకిట్లోకొచ్చి దగ్గుతాడు.

అక్కడ మధురవాడలో
సముద్రం కనబడని గదికి పదకొండువేలు.
కనబడే గది ఎంతని అడిగితే
బ్రోకరు నవ్వాడు గాని అంకె చెప్పలేదు.
మూడునెలల అడ్వాన్సు, నీళ్ల ట్యాంకరుకి వేరే,
లిఫ్టుకి వేరే,
మనం ఉండేది కిందింట్లోనైనా సరే.

నేను కాటాలు బాగుచేసేవాణ్ని.
సంతరోజున గోనెపట్టా పరిచి
అరిగిన తూకపురాళ్ల పొట్టలో సీసం పోస్తాను.
కొండ దిగి చింతపండు తెచ్చే సవర ఆడవాళ్లు
షావుకారు తూకం మీద అనుమానమొస్తే
ముందు నా మొహం చూస్తారు.
నేను తలూపితేనే మూట విప్పుతారు.
ఈ తలూపడానికి నెలకెంతని
ఏ గడిలో వెయ్యను?

కంపెనీవాళ్లు ఇరవైనాలుగువేలంటున్నారు.
కరెంటు కాటాలు, భుజానికి సంచీ,
చొక్కా జేబు మీద వాళ్ల పేరు.
మా తోడల్లుడు కూర్మయ్య ఫోనులో అంటాడు:
“సముద్రపు గాలికి ఇనుమన్నది నిలవదన్నియ్యా,
కాటా కొన్న ఏడాదికే తుప్పట్టిపోద్ది.
ఆ ఉప్పే నీకు అన్నమెట్టుద్ది, వొచ్చీ.”
ఇనుముకే అలాగైతే మనిషికో అని అడగబోయాను.
అవతల ఎవరో హారన్ కొట్టారు, పెట్టేశాడు.

ఉప్పు మా ఇంటికి కొత్త కాదు.
మా తాత నౌపడా ఉప్పుమళ్లలో తూకం వేసేవాడు.
చిన్నబండిలో బస్తాలతో పాటు వచ్చి
ఒకసారి ఇక్కడ దిగాడు, మళ్లీ ఎక్కడం మర్చిపోయాడు.
ఎందుకు తాతా అంటే
“అక్కడ మనిషి మరీ చౌకరా” అనేవాడు.
ఇప్పుడదే తీరాన్ని అడుగుల లెక్కన అమ్ముతున్నారు.
ఆయన పాదం ఒకటి పట్టే చోటు
నా మూణ్ణెల్ల కూలి.

రాత్రి పైడిరత్నం పుస్తకం లాక్కుని చదివింది.
పెన్సిలు తీసుకుని కుడివైపు
“పిల్ల తెలుగులో సంతకం చేస్తది” అని రాసింది.
మా నీలవేణి ఒడియా బళ్లో ఏడో తరగతి.
మొన్న పెళ్లిశుభలేఖ చేతికిస్తే
తలకిందులుగా పట్టుకుని నవ్వింది.
మేమూ నవ్వాం. తర్వాత నవ్వలేదు.

ఎడమవైపు కూడా తనే రాసింది:
“సుకాంతి.”
అంతే.
గోడ అవతలి సుకాంతి.
బియ్యం డబ్బాలో మా సోల అడుగు గీరిన చప్పుడు విని
అడక్కుండా గిన్నెడు పంపే సుకాంతి.
పక్కన ఏదో అంకె వెయ్యబోయి
పెన్సిలు కొన కొరుకుతూ ఉండిపోయింది.

వంశధార మా వీధి చివర్నుంచే పోతుంది,
రోజూ సముద్రానికే, అడ్వాన్సు లేకుండా.
పోయిన నీళ్లు వెనక్కొచ్చి
అక్కడెలా ఉందో చెప్పవు కదా అన్నాను.
వానై వస్తాయి నాన్నా, పరీక్షలో వచ్చింది
అంది నీలవేణి నిద్రలోంచి.

సోమవారం లోపు చెప్పమన్నారు.

పాతకాటాకి ఒక గుణముంది.
రెండు పళ్లేలూ ఖాళీగా ఉన్నా
ముల్లు వెంటనే నిలబడదు,
పక్కన మనిషి ఊపిరి తగిలినా ఊగుతుంది.
అందుకే పని నేర్చుకునే బిదిక కుర్రాడికి
మొదటిరోజే చెప్పాను:
చూసేటప్పుడు ఊపిరి బిగబట్టు.

దీపం ఆర్పేశాం.
పుస్తకం మా ఇద్దరి మధ్యన తెరిచే ఉంది.
ఎవ్వరం
గట్టిగా ఊపిరి తియ్యట్లేదు.